ఎర్ర కేకూ కొవ్వొత్తులూ

కుడిచేతికి కట్టుతో అత్తగారు వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. కోడలు కేకు పిండి ఎర్రగా కలుపుతోంది.

“మజ్జిగ పోశావా?”

“పోశాను. కోకో, రంగు కూడా వేశాను. ఇక వంటసోడా మీద వెనిగర్ పోసి, పొంగు అణగకముందే కలిపెయ్యాలి.”

“వెనిగర్ సంగతి నీకు నేనెప్పుడూ చెప్పలేదే.”

“అక్కడికొచ్చేసరికి ఏటా నన్ను కొవ్వొత్తులు తెమ్మని బజారుకి పంపేవారు కదా, అత్తయ్యా.”

“మరెలా తెలిసింది?”

“మీ ఏప్రన్ ఉతికేది నేనే. ఆ వాసన తెలియదా?”

“తెలిసీ ఇన్నేళ్లూ నోరు మెదపలేదా?”

“మీ కేకు కదా. మీరే చెబుతారని చూశాను.”

“అయితే విను. పైన రాసే క్రీముకి పాలల్లో మైదా ఉడికిస్తాం చూడు, అది పూర్తిగా చల్లారాకే వెన్నలో కలుపు. ఈ ముక్క ఏప్రన్ వాసన చూస్తే తెలిసేది కాదు.”