నాలుగో షెడ్డు ఫోటో

రంగుల ఫ్యాక్టరీ ఆఫీసులో ప్రింటర్ గది. పొద్దున పదకొండు దాటింది. ఫోటో ఎంతకీ రావడం లేదని కబురు పెడితే, ప్రింటర్లు బాగుచేసే అమ్మాయి సంచీ భుజాన వేసుకుని వచ్చింది. పిలిపించినవాడు నాలుగో షెడ్డు సూపర్‌వైజరు.

"ఎన్నిసార్లు పంపారు సార్ దీన్ని?"

"ఒకటి రెండు సార్లు. నీ మిషన్ మొరాయిస్తోందమ్మా. సగం వస్తుంది, ఆగిపోతుంది. పన్నెండుకల్లా కావాలి నాకు."

"మొరాయించక ఏం చేస్తుంది? ఈ ఫోటో సైజు చూశారా? రెండు వందల ఎంబీ. ఉత్తరాలూ సెలవు చీటీలూ కొట్టుకుని బతికే ఆఫీసు ప్రింటరు ఇది. దీని నెత్తిన ఇంత బరువు పెడితే ముక్కుతూ మూలుగుతూనే పని చేస్తుంది."

"వస్తుందా, రాదా? అది చెప్పు."

"ఎందుకు రాదు? ముందు సైజు పావు వంతుకి తగ్గిస్తాను. అరనిమిషంలో మీ చేతిలో పెడతాను."

"తగ్గించకు."

"కంటికి తేడా తెలీదు సార్. పెద్ద ఫోటోలకి అందరం చేసేది అదే..."

"తగ్గించొద్దన్నానా."

"సరే, సరే. అరవకండి."

"అరవడం లేదు. నిన్న మా ఆఫీసువాళ్ళూ అదే చేశారు, అందుకని. ఇదిగో, నిన్నటి ప్రింటు. ఈ స్విచ్చి పక్కన ఎర్రగా ఉంది చూడు, అదేంటి?"

"ఏదో రంగు మరకలా ఉంది."

"మేనేజరూ అదే అన్నాడు. రంగు మరక అని రిపోర్టులో రాసేశాడు కూడా. ఇప్పుడు అదే ఫోటో కంప్యూటర్లో చూడు. పెద్దది చెయ్యి. ఇంకా. ఇంకా చెయ్యి."

"అట్ట ముక్క. స్విచ్చికి దారంతో కట్టి ఉంది. మీద చేత్తో రాశారు. 'లోపల మనిషి ఉన్నాడు, స్విచ్చి వేయొద్దు.' కింద తేదీ, టైము పది నలభై. ఆ పక్కన సంతకం."

"మా బావ సంతకం."

"మీ బావ ఇక్కడే చేస్తారా?"

"చేసేవాడు. షెడ్డులో అందరికీ బావే. వాచ్‌మన్ దగ్గర్నుంచి డ్రైవర్ల దాకా బావా అనే పిలిచేవాళ్ళు, ఎవరినీ కసిరేవాడు కాదు. నాకు మాత్రం నిజం బావ. మా చెల్లెలి మొగుడు."

"చేసేవాడు అంటే?"

"పోయాడు. మూడు వారాలవుతోంది."

"అయ్యో. ఎలా సార్?"

"ఫోటోలో ఉన్న ఈ మిషన్లోనే. రంగులు కలిపే మిషన్, మనిషి నిలువునా పట్టేంత లోతు. కడగాలంటే లోపలికి దిగాల్సిందే. దిగేవాడు ముందు ఎర్ర అట్ట మీద తన పేరూ తేదీ టైమూ రాసి స్విచ్చికి కట్టాలి. పని అయ్యాక కట్టినవాడే విప్పాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. బావ లోపలుండగా మిషన్ తిరిగింది."

"అట్ట కట్టినా?"

"ఆ అట్ట ఇప్పుడు లేదు, కట్టలేదని రాశారు. కట్టకుండా దిగాడట, తన అజాగ్రత్త వల్లే పోయాడట. పన్నెండుకి విచారణ ఆఫీసరు వస్తాడు. 'అవును, మా ఆయనదే తప్పు' అని మా చెల్లెలి చేత సంతకం పెట్టించుకుని ఫైలు మూసేస్తాడు. ఈ రాత ఆయన కంట పడిందా, ఇక మూయలేడు."

"దానికి ప్రింటెందుకు? మెయిల్ చేసి పారేయండి."

"ఆయన కంప్యూటర్ చూడడు. కాగితం మీద ఉన్నదే ఫైల్లో పెడతాడు."

"పోనీ, ఆ అట్ట వరకూ కత్తిరించి పెద్దగా కొట్టిస్తాను. చిటికెలో పని."

"అడిగాను. కత్తిరించింది చెల్లదన్నాడు. మిషన్ నంబరూ స్విచ్చీ అట్టా, మూడూ ఒకే కాగితం మీద ఉండాలట."

"సరే అయితే. మొత్తం సైజుతోనే కొడదాం. వైఫై తీసేసి కేబుల్ పెడతాను, ఈ బరువు వైఫై మొయ్యలేదు. ఆ తీగ ఇలా అందుకోండి. ఇదిగో, ఇక్కడ చిత్తు ప్రింటు అని పెట్టి ఉంచారు. అక్షరాలు అలుక్కుపోవూ మరి? మారుస్తున్నాను. సార్, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఇంత ఎర్రటి అట్ట కళ్ళ ముందు వేలాడుతుంటే స్విచ్చి ఎలా వేశాడు, ఆ వేసినవాడు? కళ్ళు దొబ్బాయా?"

"కళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు మా షెడ్డు చూడలేదమ్మా. ఏ స్విచ్చి చూసినా అట్టలే. పనయ్యాక విప్పేవాడేడీ? రేపు మళ్ళీ కట్టాలిగా అని అలాగే వదిలేస్తారు. నెలల తరబడి ఉంటాయి. వాటి పక్కనుంచి చెయ్యి పోనిచ్చి స్విచ్చి వేసుకుంటూ పోతాం. దాని మీద ఇవాళ్టి తేదీ రాసుందా, పోయిన నెలదా అని చదివేదెవరు?"

"పాతవి ఎప్పటికప్పుడు విప్పించాల్సింది ఎవరు?"

"కేబుల్ పెట్టావా?"

"పెట్టాను. విప్పించాల్సింది ఎవరు సార్?"

"సూపర్‌వైజరు."

"అంటే..."

"నేనే. ఇంకా నయం, ప్రమాదం జరిగితే ఫోటో తియ్యడం కూడా నా డ్యూటీయే. అది మాత్రం చేశాను."

"మరి స్విచ్చి వేసినవాడెవరో తేలిందా?"

"ఎవరూ అడగలేదు. అట్టే లేదన్నాక స్విచ్చి ఎవరు వేస్తే ఏంటి? తప్పంతా దిగినవాడి మీదకే పోయింది."

"వాడు ఇంటికెళ్ళి హాయిగా తిని పడుకుంటున్నాడన్నమాట."

"పడుకుంటున్నాడని ఎవరన్నారు?"

"మీరు వాణ్ణి వెనకేసుకురాకండి సార్. నాకు ఒళ్ళు మండుతోంది. ఉండండి, ఇదేంటి? ప్రింటరు లిస్టులో మీ ఫోటో పద్నాలుగు సార్లుంది."

"ఒకటి రెండు సార్లు అన్నాగా."

"పద్నాలుగు. ఏడుంబావుకి మొదటిది. ఏడున్నరకి ఇంకోటి. తర్వాత పావుగంటకోటి. దానంతటది ఆగిపోతే ఫెయిల్ అని చూపిస్తుంది. ఇక్కడ అది ఒక్కటీ లేదు. పద్నాలుగింటికీ క్యాన్సిల్ అనే ఉంది. అంటే ఎవరో బటన్ నొక్కి ఆపారు."

"మిషన్ తప్పు చూపిస్తోందేమో."

"పద్నాలుగు సార్లా?"

"కరెంటు..."

"కరెంటు పోలేదు. పూర్తిగా రావడానికి దీనికి ఆరు నిమిషాలు పడుతుంది, నిదానమే, కానీ వస్తుంది. ప్రతిసారీ మూడో నిమిషంలో ఆపేశారు. దీనికి ఏ రోగమూ లేదు. నన్నెందుకు పిలిపించారు?"

"కాగితం మీదకి ఆ అట్ట వచ్చేసరికి చెయ్యి దానంతటదే బటన్ మీదకి పోతోందమ్మా. ఆపకూడదనే అనుకుంటాను. మళ్ళీ పంపుతాను. మళ్ళీ పోతుంది."

"మేనేజరంటే భయమా? ఉద్యోగం పీకేస్తాడనా?"

"మేనేజరు నాకు మేలే చేశాననుకుంటున్నాడు. ఆ ఫోటో సంగతి మర్చిపో, నీకే మంచిది అన్నాడు."

"మరి ఇంకెవరికి భయం?"

"మా చెల్లెలు బయట బెంచీ మీద కూర్చునుంది. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఫోటో వస్తుంది, మీ ఆయన తప్పు లేదని తేలిపోతుంది అని నేనే చెప్పి కూర్చోబెట్టాను. సరే అంది. ఇంకో మాట అడగలేదు. నా మాటంటే దానికంత గురి."

"పన్నెండుకి ఇంక పావుగంటే ఉంది. కొట్టనా, సంచీ సర్దుకుని పోనా? మీరే చెప్పండి."

"పోతే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, ఆవిడ సంతకం పెడుతుంది. మొగుణ్ణి తలుచుకున్నప్పుడల్లా, చేజేతులా చేసుకున్నాడని తిట్టుకుంటూ బతుకుతుంది."

"తిడుతోంది. ఇప్పటికే తిడుతోంది. రాత్రి బావ చొక్కా మడతపెడుతూ తిట్టింది."

"కొట్టనా?"

"కొట్టు."

"అయితే మీరు దీని పక్కనుంచి లేవండి. కిటికీ దగ్గర నిలబడండి. చేతులు కట్టుకోండి."

"కట్టుకున్నాను."

"మిషన్ నంబరు వచ్చింది. రెండో నిమిషం. స్విచ్చి వస్తోంది."

"చెప్పకు తల్లీ."

"ఇటు రావొద్దు. సార్, రావొద్దన్నానా. అక్కడే ఉండండి."

"ఉన్నాను. అట్ట వచ్చేసిందా?"

"వచ్చేసింది. ఇంకొంచెం. అయిపోయింది. ప్రతి అక్షరం కనపడుతోంది, పది నలభై కూడా. తీసుకోండి, వెళ్ళి ఆవిడకి చూపించండి."

"నేను చూపించలేను. నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వమ్మా. బావ రాత మా చెల్లెలు గుర్తుపడుతుంది."

"ఇస్తాను. నన్నేమన్నా అడిగితే?"

"ఒక్కటే అడుగుతుంది, ఇది కట్టి ఉండగా స్విచ్చి వేసిందెవరని. మీ అన్నయ్య అని చెప్పు."