చాముండేశ్వరి చెడగొట్టిన మీటింగు

ఫోను ఎత్తకు. మోగనీ. ఎత్తావంటే "ఆంటీని తీసుకుని పైకి రా" అంటారు, నీకా మొహమాటం, నాకా నోరాగదు, ఇద్దరం వెళ్ళి కూర్చుంటాం, పైన మీటింగుకి కోరం నిండుతుంది, అంతా అయిపోతుంది. దాన్ని బోర్లా పెట్టేసి ఆ కాఫీ తాగు. దేశంగాని దేశంలో, ఈ హౌగాంగ్‌లో ఎన్నేళ్ళున్నా వీళ్ళకి పంచదార తక్కువెయ్యమని చెప్పడం నావల్ల కాలేదనుకో. ఏవిటీ? చాముండేశ్వరి ఎవరా? ఇందాక మెట్లు దిగుతూ "ఈ విద్య చాముండేశ్వరిదే" అన్నానని అడుగుతున్నావా? అయ్యో రామ, నీకెలా తెలుస్తుందిలే, నువ్వప్పటికి పుట్టనే లేదు. మన మహిళా సహాయ సంఘం ఆవిడ పెట్టిందే, అలేఖ్యా. నువ్విప్పుడు సెక్రటరీనని ఊపిరాడకుండా తిరుగుతున్నావే, ఆవిడ ఏ పదవీ లేకుండా తిరిగింది. కాకినాడ మనిషి. సెరంగూన్‌లో ఓ చిన్న ఫ్లాటు. మొగుళ్ళ ఉద్యోగాల మీద కొత్తగా దిగిన ఆడపిల్లలకి ఒంట్లో బాగోకపోతే ఆస్పత్రికి తోడు వెళ్ళేది. అదే సంఘం, అంతకుమించి ఏం లేదు. ఉగాదులూ, డాన్సులూ, స్టేజీ మీద శాలువాలూ, ఇవన్నీ తర్వాతొచ్చిన వేషాలు.

అటు చూడకే, ఎవరూ రావట్లేదు. వస్తే నేను చెప్తాగా. నాకు మాత్రం భయం లేదనుకున్నావా? ఆ ప్రెసిడెంటు రంగనాథ్ తీర్మానాన్ని ఎంత తెలివిగా కట్టాడో చూశావా? "ఉగాది భోజన ఏర్పాట్లు మరియు ఇతర సవరణలు". ఒక్కటే తీర్మానం. పులిహోరకి చెయ్యెత్తితే దానికీ ఎత్తినట్టే. గర్భం తీయించుకునేవాళ్ళకి సంఘం మనుషులెవరూ తోడు వెళ్ళకూడదట, వెళ్తే సభ్యత్వం పోతుందట. రేపు పొద్దున నువ్వు తోడు వెళ్ళాల్సిన పిల్ల ఉందే, ఆ యూనివర్సిటీ పిల్ల, వద్దు, పేరు చెప్పకు, ఆ పిల్ల ఏమైపోవాలి? మత్తిస్తారు, ఇంటికి తీసుకెళ్ళే మనిషి లేందే చెయ్యం అన్నారని నువ్వే కదా చెప్పావు. ఎవరికీ చెప్పుకోలేక మన సంఘం హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. మా మనవరాలేమో "అమ్మమ్మా, జస్ట్ ఓట్ నో లా" అంటుంది. ఓటేస్తే ఓడిపోతామే పిచ్చిదానా, పైన వాళ్ళే ఎక్కువ. మనం లేచి వచ్చేస్తే కోరానికి ఒక్క మనిషి తక్కువై మీటింగు ఆగుతుంది. ఇది ఆవిడ చెప్పిన లెక్కే.

అప్పుడూ ఇదే రూలు, నువ్వు నమ్ముతావా? పేరుకే మహిళా సంఘం, మొగుళ్ళూ సభ్యులే, అధ్యక్షుడు దశరథరామయ్య గారు. చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పుకోవాలి. మా ఆయన గంగాధర్ గారు ఓడ మీద నెలల తరబడి ఉండేవారు, మా బాబుకి జ్వరం ముదిరితే తన భుజం మీద వేసుకుని టాక్సీ ఎక్కించింది ఆయనే. కానీ కడుపులో నలుసన్నా ప్రాణమే, అది సంఘం చేతుల మీదుగా పోకూడదు అనేవాడు. నమ్మకం. ఆయన నమ్మకాన్ని నేనేం వెక్కిరించను. ఇక్కడ చట్టం ఒప్పుకుంది, డాక్టరు ఒప్పుకున్నాడు, ఒప్పుకోంది మనవాళ్ళే. సరే, మన మీటింగుల సంగతి నీకు తెలుసుగా, ఎజెండా చూసుకుని ఎవడొస్తాడు, భోజనాలున్నాయా అని కనుక్కుని వస్తారు. అందుకే తీర్మానాలయ్యాకే గిన్నెల మూతలు తీసేవాళ్ళు. హాల్లో తినకూడదు, బయట వరండాలోనే తినాలి, హాలు వాళ్ళ రూలు. ఆవిడ ఇదంతా కనిపెట్టి కూర్చుంది. దశరథరామయ్య గారు లేచి, గొంతు సవరించుకుని, "సభ్యులెల్లరూ ఈ సవరణను ఏకగ్రీవముగా ఆమోదించవలసిందిగా ప్రార్థన" అన్నారో లేదో, ఈవిడ వెనక నుంచి జారుకుంది. వరండాలో గుత్తివంకాయ కూర మూత తీసి గరిటె పెట్టి అడుగు నుంచి కలిపింది. అంతే! ఘుమఘుమలాడిపోయింది హాలంతా. ముందు పిల్లలు లేచారు, వాళ్ళ వెనకాల తల్లులు, వీళ్ళేరీ అంటూ మొగుళ్ళు. ఈవిడ గుమ్మంలో నిలబడి "రండి రండి, పూరీలు చల్లారిపోతాయండీ, తర్వాత నన్నంటే ఊరుకోను" అని ఒకటే కేకలు. పాపం ఆయన "అమ్మా చాముండేశ్వరీ, ఇది సభానియమాల ఉల్లంఘన!" అంటే, "పిల్లలకి ఆకలేస్తే పెట్టకూడదని ఏ నియమంలో ఉందండీ?" అంది. తిరిగి చూసుకుంటే కుర్చీల్లో ఆయనా, ఆయన బావమరిదీ, నిద్రపోతున్న ఓ ముసలాయనా. మీటింగు చెల్లలేదు.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే స్తంభం చాటుకెళ్ళి ఏడ్చాను. ఎందుకంటావేం? ఆ సోమవారం ఆవిడ తోడు రావాల్సింది నాకే. అదేం అలా చూస్తావ్? నేనే. ఇద్దరు పిల్లలు, ఆయన సముద్రం మీద. ఎందుకు తీయించుకున్నావని నువ్వూ అడక్కు. ఆవిడ అడగలేదు. డాక్టరు ఏ వేళకి రమ్మన్నాడో, పిల్లల్ని ఎక్కడ ఉంచుతావో అడిగింది, అంతే. మా అమ్మ అయినా అంత ఊరుకునేది కాదు.

కానీ దశరథరామయ్య గారు మాత్రం తక్కువ తిన్నాడా? ఆగిన మీటింగు, ఆ సోమవారం రాకముందే, శుక్రవారం సాయంత్రమే మళ్ళీ పెట్టాడు. ఏ శుక్రవారం? వరలక్ష్మీ వ్రతం! నోటీసు ఇచ్చాడు, తలుపులు తెరిచే ఉంచాడు, రూలు ఇంత కూడా తప్పలేదు. కానీ ఏ ఆడది వస్తుంది? కలశం ముందు కూర్చున్న వాళ్ళం లేచి వస్తామా? అందరం తోరాలు కట్టుకుని శనగలు పంచుకుంటుంటే అక్కడ మగవాళ్ళే కోరం నింపి, చేతులెత్తి రూలు పాస్ చేసేశారు. మాకు తాంబూలాల దగ్గర తెలిసింది. ఆవిడ నా పమిట కొంగులో శనగలు పోస్తూ, చిన్నగా, "సోమవారం మామూలే" అంది. వచ్చింది. ఫ్లాస్కులో మజ్జిగ పోసుకుని వచ్చి ఆస్పత్రి బల్ల మీద కూర్చుంది, నన్ను టాక్సీలో ఇంటికి తెచ్చింది, పిల్లలకి చారన్నం కలిపి పెట్టింది. ఆ వారమే సంఘంలోంచి తీసేశారు. ఆవిడ పెట్టిన సంఘంలోంచి! ఎవరికి తోడు వెళ్ళావో చెప్పు, వదిలేస్తాం అన్నారట. చెప్పలేదు. తర్వాత పేరంటాలకి పిలవడం మానేశారు, గుళ్ళో కనిపిస్తే తలలు తిప్పుకున్నారు. నేను ఆవిడింటికి వెళ్ళేదాన్ని, అది వేరే సంగతి, నేనొక్కదాన్ని ఎంతమందికి సరిపోతాను చెప్పు? ఆవిడ పోయినప్పుడు సంఘం తరఫున ఒక్క దండ రాలేదు. దశరథరామయ్య గారు మాత్రం విడిగా వచ్చి, చెప్పులు విప్పి, చాలాసేపు నిలబడ్డాడు. ఆ రూలు ఆయన తర్వాత ఎవరూ పట్టించుకోక దానంతటదే పోయింది. పోయిందనుకున్నాను.

మళ్ళీ మోగుతోంది. ఎవరు? ఉజ్వలా? పైన మీటింగులో మన వైపు పిల్లేగా, తనదైతే ఎత్తు. ఏమంటోంది? గట్టిగా చెప్పవే, ఈ ప్లేట్ల చప్పుడుకి నాకేం వినబడట్లేదు... పాసైందా? ఎలా పాసవుతుంది? మనం ఇక్కడున్నాం కదా! కుర్చీ... నా కుర్చీ మీద ఏముంది? టిష్యూ ప్యాకెట్టా? అవును, పెట్టాను. లేచేటప్పుడు పెట్టి వచ్చాను. చోప్ చేశానే, ఇక్కడివాళ్ళలా సీటు నాదేనని గుర్తు పెట్టానే, ఎవరైనా తీసుకుంటారని, ఎక్కడ లేచినా పెట్టడం అలవాటే కదా మనకి! దాన్ని చూసి మంగతాయారు గారు ఇక్కడే ఉన్నారు, బాత్‌రూముకి వెళ్ళారు అని రాసేసుకున్నాడా రంగనాథ్? నన్నా? నన్ను లెక్కేసుకుని పాస్ చేశాడా? ఓరి వీడి తెలివి తగలెయ్య! పైకి వెళ్ళి అరవనా? అరిస్తే ఏమవుతుంది, "మీ సీటు మీరే ఉంచుకున్నారు కదాండీ" అంటాడు నవ్వుతూ. చేతులెత్తి ఓటేసేశారు, భోజనాలకి లేచేశారు. అయిపోయింది.

ఏడవకు. నువ్వు వెళ్తానంటే నేనొప్పుకోను, చిన్నదానివి, నిన్ను వాళ్ళు బతకనివ్వరు. మీ ఆయన స్నేహాలన్నీ అందులోనే. నాకు మాత్రం ఏముంది, మంగళవారం భజన, ఆ నలుగురు ఆడవాళ్ళు, పండక్కి పిలుపులు. అవి కూడా లేకపోతే వారమంతా ఆ ఫ్లాటులో గోడలతో... సరేలే. ఊరుకో. ముక్కు తుడుచుకో. ఆ పిల్లని ఏ వేళకి రమ్మన్నారు? బెడోక్ నుంచేగా రావాలి, నేను స్టేషన్లో నిలబడతానని చెప్పు. ఆకుపచ్చ చీర కట్టుకుంటానని చెప్పు.