ఇరవై తొమ్మిదో రోజు

అన్యాయం జరిగింది నీకు, మే ఇరవై ఎనిమిదిన. నేను మర్చిపోయాననుకోకు. కదలకు, పిన్ను గుచ్చుకుంటుంది. ఈ యూనిఫాం కోటు నడుం దగ్గర ఇంకో అంగుళం వదులు చేయాలి. ఆ మొహమేంటే? తప్పు కోటుది, నీది కాదు.

నీకు బస్సు లైసెన్సు వచ్చిన రోజు, స్టీరింగు పట్టుకుని నవ్విన ఫోటో. నెట్లో నా కుట్టుపని పేజీలో పెట్టింది నేనే. దాన్ని ఎవడో ఎత్తుకుపోయి, ఒళ్లు తగ్గించే పొడి ప్రకటనలో ‘వాడకముందు’ అని వేశాడు. పక్కన ‘వాడాక’ అని ఇంకెవతో. దానికి నీ ముక్కు కూడా లేదు. పొడి తాగితే ముక్కు కూడా కరిగిపోతుందేం?

ఆ సైటువాళ్లకి ఫిర్యాదు పదకొండు పేజీలు రాశాను. బడికెళ్లింది ఐదేళ్లే అయినా, లైబ్రరీలో చట్టం పుస్తకాలు అట్టలూడేదాకా చదివినదాన్ని. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, తమ నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని. రెండు నిమిషాల్లో వాళ్లు నా పేరైనా పూర్తిగా చదివారా?

అందుకే జూన్ ఐదున ఖాతా మూసేయమని నొక్కాను. నా చెల్లెలి మొహం అమ్ముకునే సంతలో నేనుండనని వీడ్కోలు ఉత్తరం కూడా పెట్టాను. మా అక్క నా కోసం మూడు వేలమంది ఫాలోవర్లని వదులుకుందని నువ్వు డిపో అంతా చెప్పుకున్నావు. అప్పట్నుంచే కదా మళ్లీ తలెత్తుకుని డ్యూటీకి వెళ్తున్నది.

ఆ మాటే ఇప్పుడు నాకు చిక్కొచ్చిపడింది.

వాళ్లు ముప్పై రోజులు గడువిస్తారు. ఆలోగా మనం లోపలికి తొంగిచూస్తే మూసివేత రద్దు. ఇరవై ఎనిమిది రోజులు నిగ్రహించుకున్నాను. ఇందాక, నువ్వు రాకముందు... నా కోసం ఎవరైనా బాధపడ్డారేమో చూద్దామనిపించింది. చచ్చినవాళ్లకి ఆ వీల్లేదు, నాకుంది కదా. తెరిచేశాను.

ఎవరూ బాధపడలేదు. ఉత్తరానికి ఏడు లైకు బొటనవేళ్లు. వాటి కింద ఒకే ఒక్క ప్రశ్న: ‘జిప్పు మార్చడానికి ఎన్నాళ్లు పడుతుంది?’

అంత ఉత్తరం కింద జిప్పేంటని ఒళ్లు మండింది. మండుతూనే ‘రెండు రోజులు’ అని రాసేశాను.

స్టూలు మీంచి దిగకు, పిన్నులింకా తీయలేదు. అడిగింది మీ డిపో మెకానిక్కు. రేపు పొద్దున్నే జిప్పు పోయిన చలికోటు చంకన పెట్టుకుని, మీ అక్క జవాబిచ్చిందని నీకే చెప్తాడు. అతని నోట వినేకంటే నా నోట విను.

సర్దిచెప్పుకోవడం కాదే. నీ కోసం వదిలానన్నది నిజం. వదిలినందుకు నలుగురూ మెచ్చుకోవాలని ఎదురుచూసిందీ నిజం. నీకు జరిగినదాన్ని నా గొప్పకి వాడుకున్నాను, ఆ పొడివాడిలాగే.

మూసేయమని మళ్లీ నొక్కాను. డిపోలో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. రాసుకో, కొత్త గడువు: ఆగస్టు మూడు.