మదార్ సాహెబ్ గారు విప్పించిన కథ

పెద్దలకు, ఆదివారం కథల మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న మదార్ సాహెబ్ గారి అమ్మాయి ఆస్రాకు నమస్కారం.

పటమటలో ఆయన టైలరింగ్ షాపు మీది ఈ గదిలో పదకొండేళ్లుగా మనం ప్రతి ఆదివారం కలుసుకున్నాం. ఈరోజూ ఆదివారమే. అందరం వచ్చాం. ఆయన రాలేదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా నేను తల తిప్పి చూస్తున్నాను. మీరూ చూస్తున్నారు కదూ?

నా పేరు హన్నా. కంకిపాడు బడిలో టీచర్ని. నా మొదటి కథలో ఒక కూలి తల్లి చేత పుస్తకాల భాష మాట్లాడించాను. ఆయన నవ్వలేదు. "మీ అమ్మ ఇలాగే మాట్లాడుతుందామ్మా?" అని మాత్రం అడిగారు. మా అమ్మ మాటంటే నాకెంత చిన్నచూపో ఆ రోజే తెలిసింది. "కుట్లు విప్పడానికి భయపడితే మళ్లీ కుట్టలేమమ్మా" అనేవారు. ఎన్నిసార్లు విప్పించారు మన చేత! ఉయ్యూరు నుంచి వచ్చే జక్కయ్య గారైతే ఒక్క పేరా కోసం మూడు నెలలు తిరిగారు.

మిత్రులారా, రెండువేల ఇరవై నాలుగు వరదలో ఆయన భార్య గౌసియా గారు పోయారు. సింగ్ నగర్‌లో, సొంత ఇంటి ముందే. నేను దాన్ని కథగా రాశాను. ఆయన్ని అడగకుండా రాశాను. నా కథలో భర్త చివరిదాకా భార్య చెయ్యి వదలడు. బహుమతి కూడా వచ్చింది. ఇక్కడ చదివితే అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆయన మాత్రం నెమ్మదిగా అన్నారు: "ఒక చేత్తో గేటమ్మా, ఒక చేత్తో ఆమె. రెండూ పట్టి ఉంచలేకపోయాను. గేటు పట్టుకున్నాను. అది రాయమ్మా."

ఆ మాట మనలో సగంమందిమి విన్నాం. బయట ఎవరం అనలేదు.

ఎలా రాయను? ఐదుసార్లు రాశాను. ఒకసారి వరదే ఆమెను లాక్కుపోయిందన్నాను. ఒకసారి ఆమే చెయ్యి విడిపించుకుందన్నాను. ప్రతిసారీ ఆయన ఓపిగ్గా విని, కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టేవారు.

మొన్న మంగళవారం ఆసుపత్రిలో "రాశావా?" అని అడిగారు. రాశానని అబద్ధం చెప్పాను. ఆదివారం వినిపిస్తానన్నాను. గురువారం ఆయన వెళ్లిపోయారు. నేను రాయలేదని ఆయనకు తెలుసా? తెలిసే తల ఊపారా? బస్సెక్కితే ఆ ప్రశ్న వచ్చి నా పక్క సీట్లో కూర్చుంటోంది. బడిలో పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుంటోంది.

శుక్రవారం ఖననం అయింది. నిన్న పొద్దున్న రాశాను. నాలుగు పేజీలు. ముందుగా ఆస్రాకే ఇచ్చాను. తను రెండుసార్లు చదివి, పెన్ను అడిగి, ఒకే ఒక్క మాట కొట్టేసింది. "పాపం, అతను గేటు పట్టుకున్నాడు" అని నేను రాసిన చోట, 'పాపం' అన్న మాట.

ఆస్రా ఒప్పుకుంది కనుక, ఆ కథ ఇప్పుడు చదువుతాను.

దానికి ముందు అందరం లేచి నిలబడదాం. గౌసియా గారి కోసం, మదార్ సాహెబ్ గారి కోసం. ఎవరమూ ఆయన్ని ఓదార్చవద్దు. ఎవరమూ తీర్పు చెప్పవద్దు. రెండు నిమిషాలు మౌనంగా ఆయన పక్కన నిలబడదాం, చాలు.