గంటలో రెండొందల మొక్కలు

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో ఒకటే బల్ల. పగటి షిఫ్టు దిగినవాళ్లంతా సగం బల్లలో సర్దుకుంటే, మిగతా సగం స్టోర్స్ చూసే ఆయన ఒక్కడిదే. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా బతికి లేదు. అందరికీ బాకా బాబాయే.

ఆ సాయంత్రం ఆయన నోరు తెరవకముందే మొక్కలకి నీళ్లు పోసే పెద్దమ్మ ఒక సంగతి అడిగింది. కంపెనీకి పాతికేళ్లు నిండాయని గోడ వెనక బీడులో మొక్కలు నాటారు. నెల తిరక్కుండానే అవి తలలు వేలాడేశాయి. ఎంత పోసినా తేరుకోవు. రేపు పొద్దున మేనేజరు వచ్చి చూస్తాడు, సగం పోయాయంటే ఆమె పనీ పోతుంది. "అసలు ఎలా నాటారో చెప్పు తమ్ముడూ, నాకు అంతుపట్టడం లేదు," అంది.

అడగడమే ఆలస్యం.

"ఎలా నాటామా? ఆ రోజు నువ్వు లేవు, ఉండుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. తొమ్మిదింటికి ఓనరు గారు వస్తారు, పదింటికి ఫోటోలు, మొక్కలేమో రెండొందలు, మనుషులేమో పన్నెండుమంది, వాళ్లు కూడా పెన్ను తప్ప పలుగు పట్టని ఆఫీసు బాపతు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సార్, మీరు టీ తాగి రండి, గంటలో అయిపోతుంది అన్నాను. అయిపోయింది."

గంటకి అరవై నిమిషాలే కదా అని లారీ డ్రైవరు అనుమానపడ్డాడు.

"నీ గంటకి అరవై. నా గంటకి నేనెన్ని చెబితే అన్ని. గునపం ఒక్కసారి దింపితే నాలుగు గుంతలు పడ్డాయి. రెండోసారి దింపేసరికి కింద నుంచి నీళ్లు తన్నుకొచ్చి మేనేజరు కళ్లజోడు కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి మొక్క పెట్టి, మట్టి నొక్కి, చెయ్యి తీసేలోగా అది నా మోకాలిదాకా వచ్చింది. రెండోది పెట్టి వెనక్కి చూద్దును కదా, మొదటిది నా భుజం మీద కొమ్మ వేసుకుని నిలబడి ఉంది, చిన్ననాటి స్నేహితుడిలా. ఓనరు గారు కోటు విప్పి దానికి తగిలించి ఉపన్యాసం మొదలుపెట్టారు. ముగించేసరికి కోటు మూడో అంతస్తు ఎత్తులో ఉంది."

టీ కొట్టు అక్క పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా, మరి కోటు ఎవరు దించారని అడిగింది.

"ఇంకెవరు, నేనే. సగం ఎక్కానో లేదో పిచ్చుకలు ఆపి, ఇక్కడ గదులు ఖాళీ ఉన్నాయా అని వాకబు చేశాయి. ముందు కంపెనీ వాళ్లకి, తర్వాతే బయటివాళ్లకి అన్నాను. పైకి వెళ్తే, ఒక మబ్బు చిటారు కొమ్మకి చిక్కుకుని గిలగిల కొట్టుకుంటోంది. ముల్లుకి పట్టుకున్న బట్టని తీస్తామే, అలా చిరక్కుండా విడిపించాను. ఆ విశ్వాసంతో అది గోడ దాటకుండా, కొలిచినట్టు, మన ఫ్యాక్టరీ మీదే కురిసింది. ఎండకి తట్టుకోలేక సూర్యుడే కిందికి దిగి, కాసేపు నీడన కూర్చోనా అని నన్ను అడిగాడు."

పెద్దమ్మకి మబ్బుతో పని లేదు, సూర్యుడితోనూ లేదు. ఆమె ఇంకా మొదటి మాట దగ్గరే ఉంది. మొక్కలు నల్ల కవర్లలో కదా వస్తాయి, ఒక్కో కవరు చింపడానికే అంతసేపు పడుతుంది, గంటలో రెండొందలు ఎలా అయ్యాయని అడిగింది.

బాబాయి ఛాతీ ఇంకో జానెడు పొంగింది. "అక్కడే ఉంది కిటుకు. ఆ కవర్ల మీద పాతికేళ్ల గుర్తు అచ్చు వేయించింది నేను. చింపితే మొక్క చేత్తో పట్టుకుని దిగే ఫోటోలో గుర్తు ఎక్కడుంటుంది? అందుకని ఎవ్వరూ చింపొద్దన్నాను. కవరుతో సహా దింపేసి మట్టి కప్పేయించాను."

పెద్దమ్మ పక్కన పెట్టుకున్న తన గంపలోంచి ఎండిన మొక్క ఒకటి తీసింది. అడుగున మట్టి అంటిన నల్ల కవరు. అరచేత్తో తుడిస్తే పాతికేళ్ల గుర్తు ఇంకా తళతళలాడుతోంది. లోపల వేళ్లు తాడు చుట్టలా చుట్టుకున్నాయి, ఒక్కటి కూడా బయటికి రాలేదు.

"పొద్దున పీకితే ఇది వచ్చింది. ఎవరో ఒక్కరు మరిచిపోయారనుకున్నాను," అంది.

బాబాయి ఖాళీ గ్లాసులోంచి ఒక గుక్క తాగాడు.

టీ కొట్టు అక్క అడక్కుండానే అల్లం తరిగే చాకు తుడిచి బల్ల మీద పెట్టింది. పెద్దమ్మ దాన్ని ఆయన ముందుకి జరిపింది.

"చీకటి పడటానికి ఇంకా రెండు గంటలుంది. నీ లెక్కన నాలుగొందలు. ప్రాణం ఉన్నవి నూట ముప్పయ్యే. లే తమ్ముడూ."