ఇటుక మీద వేళ్ళు

ఆ ఉదయం చార్లెస్టన్ ఊరి మీద ఆకాశం వాన కురవనివ్వకుండా, ఎండ కాయనివ్వకుండా ఉగ్గబట్టుకుని ఉంది. అమెరికా చరిత్ర చెప్పే టీచర్లకు ఓ పాత దొర బంగళాలో వేసవి శిక్షణ. మధ్యాహ్నం తిండి వేళకు, ఒకే బడిలో పనిచేసే ఇద్దరు పెరటి గోడ దగ్గరికొచ్చారు. ఆవిడ పెద్దది, అతను కుర్రవాడు.

"అక్కా, పిల్లలకి ఈ గోడ చూపించకూడదని అందరం చెయ్యెత్తి ఒప్పుకున్నాం. నువ్వొక్కదానివే ఎత్తలేదు."

"కాఫీ ఒలికిపోతుందనీ."

"నవ్వులాట కాదు. ఆ ట్రైనింగావిడ నీ పేరు కనుక్కుని మరీ వెళ్ళింది. ఉద్యోగం పోద్ది."

"పొద్దుట్నుంచీ షాండ్లియర్ల గురించే చెప్పిందిగా. ఇటుకలు ఎవరు చేశారో చెప్పిందా?"

"బానిసలేనని మనకి తెలుసుగా. పిల్లలు బాధపడతారని ఆవిడ భయం."

"ఇలా రా. పచ్చి ఇటుక ఎత్తినప్పుడు దిగబడ్డ వేళ్ళ గుర్తులివి. నీ వేళ్ళు పెట్టి చూడు."

"పట్టడం లేదక్కా."

"ఎందుకని?"

"ఇవి... చిన్నపిల్లలవి."

"నా ఆరో తరగతి వాళ్ళకి సరిగ్గా పడతాయి. బళ్ళు తెరవగానే తీసుకొస్తా. ఉద్యోగం తీసేస్తే ఆ మర్నాడే తీసుకొస్తా."

"అప్పుడు నీకు బడి బస్సెవడిస్తాడు?"

"మా చర్చి బస్సుంది. నడిపేవాడే లేడు."

అతను ఆ గుర్తుల్లోంచి వేళ్ళు తీయలేదు.

"నాకు లైసెన్సుందక్కా."

ఆవిడ డబ్బా మూత తీసి, టమాటా వేసి వండిన ఎర్రన్నం, వేయించిన రొయ్యలు మధ్యలో పెట్టింది. గోడకి ఆనుకుని ఇద్దరూ తిన్నారు.