మంగళవారం చేతులు

ఇజ్రాయెల్‌లో గలిలయ ప్రాంతపు ఆ కిబ్బుట్జ్ పల్లెలో పొలం, పశువులు, పని అన్నీ ఉమ్మడే. ఎవరు ఏ పని చెయ్యాలో పంచేది జెల్దా. పాలు పితికే ఫైవెల్ తనంతట తానే బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు. మంగళవారాలు అతన్ని బొమ్మలకు వదిలెయ్యాలని నిరుడు సభ ఒప్పుకుంది. అది కొనసాగాలంటే ఈ శనివారం సభలో అందరూ మళ్లీ చేతులెత్తి ఓటెయ్యాలి. అతను జెల్దా బొమ్మ ముగించి ఆమె వైపు తిప్పాడు.

“ఇవేం చేతులయ్యా, చేటల్లా?”

“ఉన్నవే వేశాను. నిరుడు సభలో నాకు మంగళవారాలు వద్దని లేచిన చెయ్యి కూడా అందులోదే.”

“లేవదూ మరి! నువ్వు రంగులు పూస్తూ కూర్చుంటే ఆవుల్ని ఎవరు పితకాలి?”

“తోటపనివాళ్లు వంతులేసుకుని పితుకుతున్నారనుకున్నా. ఇవాళ నీ వేళ్లు వేస్తుంటే తెలిసింది. పాలు పితికి పితికి బొటనవేలి కణుపు నాకులాగే ఉబ్బింది. ఏడాదిగా నువ్వేనా, జెల్దా?”

“ఇంకెవరికని చెప్పను? నేనే దిగాను.”

“వద్దన్నదానివి!”

“సభ సరేనన్నాక ఇక నా వద్దెక్కడిది?”

జెల్దా బొమ్మను చాలాసేపు చూసింది. ఆ చేతులు ఆమెకు నచ్చాయి.

“మరి శనివారం?” అన్నాడు ఫైవెల్.

“వద్దనే చెయ్యెత్తుతా. జెల్దా జాలిపడి ఇచ్చిందని నిన్నెవరూ అనకూడదు.”

“ఓడిపోతే?”

“ఈ బొమ్మను అందరూ చూసేలా భోజనశాల గోడకు తగిలించు, ఎలా ఓడతావో చూస్తా. మంగళవారం మాత్రం నా ఆవుల దగ్గరికి రాకు.”